శనివారం ఐదు గంటలకి

తమ్ముడు మందు ముట్టక పదకొండు రోజులయింది. అందులో ఆరు రోజులు ఆసుపత్రిలో చేతులు మంచానికి కట్టి పడుకోబెట్టినవి. వాటిని అన్న, అద్దాలాయన, లెక్కలోకి తీసుకోలేదు. మిగిలిన అయిదు రోజులూ ఇంట్లో గడిచినవే అయినా వాటినీ నమ్మలేదు. నమ్మి నమ్మి ఆయన నమ్మకం చెప్పు మడమలాగా అరిగిపోయింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మాట నాన్చలేదు. "ఇంకోసారి తాగితే ఇక్కడిదాకా తేవడం కూడా అనవసరం. కాలేయం అంతవరకే మిగిలింది," అన్నాడు. తమ్ముడి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అద్దాలాయన తలూపాడు. తమ్ముడు మాత్రం కిటికీ వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ కిటికీ అద్దానికి ఒక మూల పగులుంది.

"అది మార్చాలన్నయ్యా. గాలేస్తే ఎవరి నెత్తిమీదో పడుతుంది," అన్నాడు.

చావు కబురు చెబుతుంటే అద్దం బేరం చూస్తున్నాడు వెధవ, అనుకున్నాడు అన్న.

అన్నదమ్ములిద్దరిదీ అద్దాలు కోసే షాపు. కిటికీలకి, బీరువా తలుపులకి, పటాలకి కొలత ప్రకారం కోసిస్తారు. వీధిలో అందరూ పెద్దవాణ్ణి అద్దాలాయన అనీ, రెండోవాణ్ణి చిన్నాయన అనీ పిలుస్తారు. మొదట్లో గిరాకీలతో మాటలు అన్నయ్యవి, కోత తమ్ముడిది. గాజు మీద గీత ఒక్కసారే గీయాలి. చెయ్యి తడబడి అదే దారిన రెండోసారి గీస్తే పలక తనకి తోచిన చోట విరుగుతుంది. తమ్ముడు గీత గీస్తే తలుపు గడియ తీసినట్టు టక్కుమని విడిపోయేది. ఆ చెయ్యి వణకడం మొదలయ్యాక కోత కూడా అన్న చేతికే వచ్చింది. తమ్ముడికి అంచులు సానబట్టే పని మిగిలింది. ఆ చేతికి తగ్గ పని కాదని వాడికి తెలుసు. తెలిసీ చేసేవాడు.

అన్న కిటికీలు బిగించడానికి బయటికి వెళ్ళిన రోజున గంటకోసారి షాపుకి ఫోన్ చేసేవాడు. తాగావా అని అడిగితే ఎవడు నిజం చెబుతాడు? అందుకని, "ఆర్డరు పుస్తకం తియ్యి. కొలతలు చదువు," అనేవాడు. ఇరవై నాలుగుంబావు, పద్దెనిమిదిన్నర, ముప్ఫై ఆరూ ముప్పావు అని తమ్ముడు చదివేవాడు. నాలుక ఎక్కడ మడతపడిందో అన్నకి ఇట్టే తెలిసిపోయేది. తెలిస్తే పని మధ్యలో వదిలి వచ్చేవాడు, వచ్చి వీధి వీధంతా వినేలా కడిగేసేవాడు. పన్నెండేళ్ళు అలా సాగింది.

మూడేళ్ళయింది అద్దాలాయన భార్య పోయి. అప్పటినుంచీ ఆయన ఇంట్లో పొయ్యి వెలగలేదు. మూడు గుమ్మాల అవతల తమ్ముడింట్లో తింటాడు. తింటాడు గానీ తమ్ముడి ఎదురుగా కూర్చుని తినడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కొలతలు చదివించడం కూడా ఆ రోజుతోనే ఆపేశాడు.

ఆ శనివారం మధ్యాహ్నం మరదలు షాపుకి వచ్చింది. పలక మీద గీత గీస్తున్నాడు కదా అని, గీత పూర్తయ్యేదాకా గుమ్మంలోనే నిలబడింది. పలక విడిపోయాక అంది.

"బావగారూ, ఆయన వెళ్తానన్నారు."

"ఎక్కడికి?"

"మీటింగుకి. తాగుడు మానినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు వారానికోసారి కూర్చుంటారట. ఆసుపత్రిలో ఆయా చెప్పింది."

"కూర్చుంటే తగ్గే రోగమా అది? వాడు పదిహేనేళ్ళనుంచీ కూర్చునే తాగుతున్నాడుగా."

"మీరొస్తేనే వెళ్తానన్నారు."

అద్దాలాయన చేతిలో ముక్క పక్కన పెట్టాడు. "నేనెందుకు? నాకేం అలవాటుంది?"

"నాకేం తెలుసు బావగారూ? ఆయన నోట 'వెళ్తాను' అనే మాట రావడం ఇదే మొదటిసారి. సాయంత్రం దాకా ఉంటుందో లేదో కూడా తెలీదు. పొద్దుటినుంచీ రెండుసార్లు అడిగారు, అన్నయ్య వస్తున్నాడా అని. మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"కాళ్ళెందుకు, ఆ చెప్పులు ఇలా తొయ్యి," అన్నాడు.

మందుల చీటీ వెనక ఆయా చెప్పిన గుర్తులు రాసుకొచ్చింది. మార్కెట్ వెనక వీధి, కుట్టుపని నేర్పే మేడ, రెండో అంతస్తు, శనివారం ఐదు గంటలకి. ఐదుంబావుకి తలుపు వేసేస్తారు.

తమ్ముడు తయారై గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గడ్డం తనే గీసుకున్నట్టున్నాడు, గడ్డం కింద రెండు చోట్ల కోసుకుపోయి కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి.

"ఏంట్రా, పెళ్ళిచూపులకా?"

"అలాంటిదే. నచ్చకపోతే ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామంటారేమో," అన్నాడు తమ్ముడు.

మరదలు ఫక్కున నవ్వి, నవ్వినందుకు భయపడ్డట్టు లోపలికి వెళ్ళిపోయింది. అన్న నవ్వలేదు. అయిదు రోజులకే హాస్యాలొస్తున్నాయి, అనుకున్నాడు.

బస్సులో ఇద్దరికీ పక్కపక్క సీట్లు దొరికాయి. తమ్ముడు చేతులు రెండూ తొడల కింద పెట్టుకు కూర్చున్నాడు. వణుకు కనపడకూడదని.

"అక్కడ నువ్వు నా పక్కనే కూర్చోవాలన్నయ్యా," అన్నాడు.

"కూర్చుంటా."

"మధ్యలో లేచి వెళ్ళిపోకూడదు."

"నేనా వెళ్ళిపోయేది?" అన్నాడు అన్న.

మేడ సులువుగానే దొరికింది. రెండో అంతస్తులో పది పదిహేను కుట్టుమిషన్లు ఒకేసారి గరగరమంటున్నాయి. అంతా ఆడవాళ్ళే. మెడలో టేపు వేసుకున్న టీచరమ్మ వీళ్ళని చూసి, "మగవాళ్ళ బ్యాచి పొద్దున పూటండీ," అంది.

"కుట్టుపనికి కాదమ్మా. ఇక్కడ ఒక మీటింగు..." అద్దాలాయనకి ఆ మాట నోట్లోంచి ఊడిపడలేదు. "అదే, ఒక రకం మనుషులు... శనివారాలు..."

"తాగుబోతుల మీటింగండీ," అన్నాడు తమ్ముడు, అవసరమైనదానికంటే గట్టిగా.

మిషన్లన్నీ ఆగిపోయాయి. అద్దాలాయనకి తల కొట్టేసినట్టయింది.

"ఓ, ఆ కుర్చీలవాళ్ళా!" అంది టీచరమ్మ, వాళ్ళెవరో చుట్టాలైనట్టు. "ఈ పక్క గదిలో ఉండేవాళ్ళు. ఖాళీ చేసి రెండు నెలలయింది. మేడ యజమాని పొమ్మన్నాడు."

"గొడవ చేశారా?"

"గొడవా పాడా! టీ తాగిన గ్లాసులు మెట్లమీద వదిలేస్తారని. తాగేవాళ్ళయినా ఇంతకంటే శుభ్రంగా ఉంటారు అన్నాడు ఆ మహానుభావుడు. నీళ్ళ ట్యాంకు దగ్గర బట్టలుతికే కంపెనీ ఉంది చూడండి, దాని వెనక గది తీసుకున్నారని విన్నాను."

గోడ గడియారంలో ఐదుకి పది నిమిషాలుంది. మెట్లు దిగుతుంటే వెనక మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి.

నీళ్ళ ట్యాంకు కనపడుతూనే ఉంది గానీ దారే దొరకలేదు. ఒక సందులోకి వెళ్తే గోడ అడ్డం వచ్చింది. సైకిళ్ళు బాగుచేసే మనిషిని అడిగితే, "మీటింగా? ఏ పార్టీది?" అన్నాడు. వెనక్కి తిరిగి పెద్ద రోడ్డు పట్టారు. ఆ మూల మీద మందు షాపుంది. ఇనప కటకటాల ముందు అప్పుడే నలుగురైదుగురు చేతులు లోపలికి పెట్టి నిలబడ్డారు. తమ్ముడు రోడ్డు దాటి అవతలి పక్కన నడిచాడు. తల ఎత్తలేదు. అటు చూడకుండా ఉండటానికి వాడు పడుతున్న పాట్లు చూస్తే, అటు చూసినా అంత కష్టం ఉండేది కాదేమో అనిపించింది.

"అన్నయ్యా, ఐదు దాటిపోయింది. వచ్చేవారం వద్దాం."

"నడువు."

"తలుపేసేసి ఉంటారు."

"వేసిన తలుపు దాకా అయినా నడువు."

చెయ్యి పట్టుకున్నాడు. మణికట్టు దగ్గర, చిన్నప్పుడు బడికి లాక్కెళ్ళినట్టు. వాడికి యాభై రెండేళ్ళు, తనకి యాభై ఎనిమిది. రోడ్డు మీద జనం చూశారు.

"వదులన్నయ్యా. పారిపోనులే."

అన్న వదల్లేదు.

బట్టలుతికే కంపెనీ గేటు దగ్గర కాపలా మనిషి మాట్లాడకుండా గడ్డంతో ఇనప మెట్లు చూపించాడు. పైన బోర్డూ లేదు, ఏమీ లేదు. తలుపు వేయబోతున్న మనిషి వీళ్ళని చూసి ఆగాడు. అరవై దాటినాయన. కుడిచేతికి చూపుడువేలు లేదు.

"ఇద్దరికీనా?" అని అడిగాడు.

"నేను ముట్టను. వీడికే," అన్నాడు అద్దాలాయన.

"అయితే మీరు కింద కూర్చోవాలి. ఇంట్లోవాళ్ళకి మంగళవారం వేరే పెడతాం."

"అన్నయ్య లేకపోతే నేనుండను," అన్నాడు తమ్ముడు.

ఆయన వెనక్కి తిరిగి గదిలోవాళ్ళ వంక చూశాడు. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఎవరో తలూపారు. "ఈ ఒక్కరోజుకి ఉండండి. మాట్లాడకూడదు, ఒప్పుకుంటారా?"

"మాట్లాడను," అన్నాడు అద్దాలాయన. మాట్లాడటానికి అక్కడ తనకేముంది?

గదిలో కింది అంతస్తు ఇస్త్రీ పెట్టెల ఆవిరి వాసన నిండి ఉంది. పది ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేశారు. రెండింటి కాళ్ళు విరిగితే తాడుతో కట్టారు. తొమ్మిదిమంది ఉన్నారు. ఒక నర్సమ్మ, ఒక లారీ డ్రైవరు, బూట్ల వంకే చూస్తున్న ఒక కుర్రాడు, మిగతావాళ్ళు ఏ వీధిలోనైనా కనపడే మనుషులు. అద్దాలాయనకి కుర్చీ చాలక ఒక డబ్బా బోర్లించి ఇచ్చారు.

"ఇక్కడ పేర్లు అడగం, చేసే పని చెప్పుకుంటాం," అన్నాడు తలుపు దగ్గరాయన. "నన్ను లిఫ్టాయన అంటారు. ముప్ఫై ఏళ్ళు లిఫ్టులు బాగుచేశాను. జనాన్నంతా పైకి పంపించి నేను మాత్రం కిందికి దిగాను. ఇక్కడ ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోవాలి. ఒకరి తరఫున ఇంకొకరు చెప్పకూడదు. సలహా ఇవ్వకూడదు, తిట్టకూడదు, ఓదార్చకూడదు. చెప్పినవాళ్ళకి 'విన్నాం' అంటాం. అంతే."

డ్రైవరు మొదలుపెట్టాడు. ఇంట్లో సీసా దాచే చోటు లేక కూతురి బడి సంచిలో నీళ్ళ సీసాలో పోశాడట. పొద్దున తీసేద్దామని మరిచిపోయాడట. ఆరేళ్ళ పిల్ల బళ్ళో తాగి పడిపోయిందట. చెప్పి ఊరుకున్నాడు.

"విన్నాం," అన్నారంతా.

వినడానికేముంది, చెంప పగలగొట్టాలి గానీ, అనుకున్నాడు అద్దాలాయన. ఈ మెత్తని మనుషులూ, ఈ మెత్తని మాటలూ ఆయనకి ఒంటికి పడలేదు. నర్సమ్మ చెప్పింది. కుర్రాడు చెప్పనన్నాడు. దానికీ "విన్నాం" అన్నారు.

"కొత్తగా వచ్చినవాళ్ళు చెప్పొచ్చు, ఊరికే వినొచ్చు కూడా," అన్నాడు లిఫ్టాయన.

తమ్ముడు తొడల కింద నుంచి చేతులు తీశాడు. అరచేతులు చూసుకున్నాడు.

"నేను అద్దాలు కోసేవాణ్ణి," అన్నాడు.

ఆగిపోయాడు. ఎవరూ తొందరపెట్టలేదు. కింద ఏదో యంత్రం తిరిగి తిరిగి ఆగింది. ఇలాంటప్పుడు షాపులో అయితే ఈపాటికి అన్న అందుకునేవాడు. ఎవరైనా తమ్ముణ్ణి ఏదడిగినా అన్నే జవాబు చెప్పడం అలవాటు. అద్దాలాయన పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు.

"మా వదిన..." అన్నాడు తమ్ముడు.

ఆ నోట ఆ మాట వినేసరికి అద్దాలాయన డబ్బా ముందుకి జరిపాడు.

"ఆవిడ మాట ఎత్తకు," అన్నాడు.

"అయ్యా, ఆయన్ని చెప్పనివ్వండి," అన్నాడు లిఫ్టాయన.

"వాడేం చెప్తాడు? వాడికేం తెలుసు చెప్పడానికి? నేను చెప్తా." లేచి నిలబడ్డాడు. తను మాటిచ్చిన సంగతి గుర్తుంది. గుర్తుండీ ఆగలేదు. "ఆవిడకి ఆయాసం. నేను పక్క ఊళ్ళో బడికి కిటికీలు బిగిస్తున్నా. మధ్యాహ్నం ఊపిరాడక షాపుకి ఫోన్ చేసింది. షాపు ఎంత దూరం? మా ఇంటికి వీధి చివర. వీడు పరిగెత్తుకొస్తే రెండు నిమిషాలు. ఏడుసార్లు చేసింది. ఆవిడ ఫోన్లో చూశా, ఏడుసార్లు. నేను వచ్చేసరికి ఆవిడ గుమ్మంలో పడుంది. వీడు అద్దాల స్టాండు వెనక తాగి ఒళ్ళు తెలీకుండా నిద్రపోతున్నాడు. లేపితే ఏమన్నాడో తెలుసా? 'అన్నయ్యా, అప్పుడే వచ్చేశావేం' అన్నాడు. మూడేళ్ళనుంచీ వీడి ఇంట్లో తింటున్నా. ఒక్కమాట అనలేదు. అంటే తెగిపోతుందని అనలేదు. వీడు బాగుపడితే నాకేంటి, పడకపోతే నాకేంటి? ఆ అమ్మాయి కాళ్ళు పట్టుకుంటానంటే వచ్చా."

చెప్పడం అయిపోయింది. డబ్బా మీద కూర్చున్నాడు.

ఎవరూ "విన్నాం" అనలేదు.

తమ్ముడు లేచాడు. "మంచినీళ్ళు తాగొస్తా," అని తలుపు తీసుకుని వెళ్ళాడు. ఇనప మెట్ల మీద అడుగులు ఒక్కొక్కటే దిగడం వినపడింది.

"నేను మాట్లాడకూడదు కదూ," అన్నాడు అద్దాలాయన, ఎవరితోనో.

"మీరు వెళ్ళండి," అన్నాడు లిఫ్టాయన.

తమ్ముడు కింది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అన్న వచ్చి పైమెట్టు దగ్గర ఆగాడు. వాడు వెనక్కి తిరగలేదు.

"నేను నిద్రపోలేదన్నయ్యా."

"ఏంటి?"

"నువ్వొచ్చేసరికి నిద్రపోయాను. ఫోన్ మోగినప్పుడు మెలకువగానే ఉన్నా. వినపడింది."

అద్దాలాయన మెట్టు పక్కన కడ్డీ పట్టుకున్నాడు.

"షాపు ఫోనులో నంబరు కనపడదుగా, నువ్వే అనుకున్నా. కొలతలు చదవమంటావని. అప్పటికే సగం సీసా అయింది, నాలుక మొద్దుబారింది. ఎత్తితే దొరికిపోతా. ఎత్తకపోతే, పక్క షాపుకి వెళ్ళా, వినపడలేదు అని చెప్పొచ్చు. మోగినకొద్దీ లెక్కపెట్టా. నువ్వన్నది నిజమే, ఏడు. ఆరోసారి నవ్వుకున్నా కూడా. అన్నయ్య ఇవాళ పంతం పట్టాడురా అని."

కింద గదిలోంచి ఆవిరి పొగ బయటికి వచ్చి విడిపోయింది.

"ఆ సంగతి చెబుదామనే వచ్చా. నీ మొహం చూసి చెప్పలేను. వాళ్ళకి చెబుతుంటే నువ్వు పక్కన కూర్చుని వింటే, నీకూ చెప్పినట్టవుతుందనుకున్నా. అందుకే రమ్మన్నా. అయిదు రోజులుగా కూడబలుక్కుంటున్నా, ఏ మాట తర్వాత ఏ మాట చెప్పాలో." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నువ్వే చెప్పేశావుగా. తప్పు చెప్పావు, అంతే."

అద్దాలాయనకి అరవాలనిపించింది. ఏమని? మూడేళ్ళనుంచీ ఆయన చేతిలో ఒక పదునైన ముక్క ఉంది, దాని పట్టు ఆయనకి బాగా తెలుసు. తాగి పడుకున్నాడు, అందుకని నా భార్య పోయింది. అంతే, అందులో తన ప్రమేయం లేదు. ఇప్పుడు ఆ ముక్కకి ఇంకో అంచు లేచింది. ఫోన్ మోగితే అన్నయ్యే అని వాడికి పన్నెండేళ్ళు నేర్పిందెవరు? వాణ్ణి క్షమించాడా అంటే అదీ లేదు. వింటున్నకొద్దీ ఇంకా అసహ్యం వేసింది, నవ్వుకున్నానన్న మాట దగ్గర మరీను. ఆ అసహ్యం ఎటు తిప్పినా సగం తన మీదికే వచ్చింది.

"పైకి రా. వచ్చి నువ్వే చెప్పు. నేను బయట కూర్చుంటా," అన్నాడు చివరికి.

"ఇంకెప్పుడో," అన్నాడు తమ్ముడు.

నడిచాడు. అన్న వెనకే నడిచాడు, రెండు అడుగుల దూరంలో. వచ్చేటప్పుడు పట్టుకున్న మణికట్టు అక్కడే ఊగుతోంది, అందుకోవచ్చు. చెయ్యి సాగలేదు. తమ్ముడు ఈసారి రోడ్డు దాటలేదు. తల ఎత్తే నడిచాడు, తిన్నగా.

మూల దగ్గరికి వచ్చేసరికి అద్దాలాయన పరుగెత్తి ముందుకెళ్ళాడు. కటకటాల్లోంచి షాపువాడితో, "వీడికి ఇవ్వకు బాబూ. డాక్టరు చెప్పాడు, తాగితే చచ్చిపోతాడు," అన్నాడు.

"అందరింట్లోవాళ్ళూ అదే అంటారు పెద్దాయనా. కాస్త పక్కకి జరగండి, వెనక జనం ఉన్నారు."

జనం ఆయన్ని నెట్టలేదు. మెల్లగా, మర్యాదగా భుజాలు అడ్డం పెట్టి పక్కకి జరిపారు. తమ్ముడు చెయ్యి లోపలికి పెట్టాడు. అంత వణికే చెయ్యి సీసా పట్టుకోగానే స్థిరపడింది. గోడవారకి వెళ్ళి మూత తిప్పాడు.

ఇదివరకైతే కాలరు పట్టుకుని లాగేవాడు, సీసా నేలకేసి కొట్టేవాడు. ఎన్నిసార్లు కొట్టలేదు? ఇప్పుడు ఉన్నచోటే నిలబడి చూశాడు.

కాసేపటికి లిఫ్టాయన వచ్చాడు. గోడవార ఉన్న మనిషిని చూశాడు. ఏమీ అనకుండా చెప్పులు విడిచి రోడ్డు పక్క రాతి మీద కూర్చున్నాడు.

"ఆపరేం?" అన్నాడు అద్దాలాయన. "మీకు తెలుసుగా ఆపడం ఎలాగో. ఆపండి."

"నాకు తెలిస్తే వారానికోసారి కుర్చీలు వేయడం ఎందుకండీ?"

"వాడు పోతాడు."

"పోవచ్చు."

"మరి ఎందుకొచ్చారు?"

"ఆయన ఇటు తిరిగితే ఎవరో ఒకళ్ళు కనపడాలి కదా." వేలు లేని చేత్తో చెమట తుడుచుకున్నాడు. "మీరూ కూర్చోండి. నిలబడితే కాపలా ఉన్నట్టుంటుంది."

అద్దాలాయన కూర్చోలేదు. కూర్చోవడానికి అదేమన్నా పెళ్ళా? నిలబడటమూ చేతకాలేదు. ఒక కాలి మీద బరువు వేసి, మళ్ళీ ఇంకో కాలి మీద వేశాడు. బస్సులు వచ్చాయి, పోయాయి.

తమ్ముడు సీసా సగం దాకా తాగి ఇటు తిరిగాడు. కళ్ళు అప్పటికే ఎర్రబడ్డాయి. లిఫ్టాయన దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"వచ్చేవారం రావచ్చా?"

"రావచ్చు."

"తాగి వస్తే?"

"ఊరికే విందురుగాని. కుర్చీ ఉంటుంది."

"ఒక్కణ్ణే వస్తా," అన్నాడు తమ్ముడు. అన్న వంక చూడలేదు. కోపంతో కాదు. చూడకపోవడానికి అలవాటు పడ్డవాడు చూడనట్టే.

బస్సులో తమ్ముడికి సీటు దొరికింది. రెండో స్టాపు రాకముందే కళ్ళు మూతలు పడ్డాయి. అన్న పక్కన నిలబడి, వాడు మలుపుల్లో జారిపోకుండా తొడ అడ్డం పెట్టాడు. వచ్చే శనివారానికి ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ వాడి ఒంట్లో ఉన్నాయో లేవో డాక్టరుకే తెలియాలి. ఉన్నా, వాడు ఆ మెట్లెక్కుతాడో, మూల దగ్గరే ఆగిపోతాడో చూడటానికి తను వెళ్ళకూడదు. వెళ్తే వాడు చెప్పడు, వెళ్ళకపోతే తాగుతాడు. ఎటు తిప్పి చూసినా తను చేయగలిగింది ఒక్కటీ కనపడలేదు.

దిగాక భుజం మీద చెయ్యి వేయించుకుని ఇంటిదాకా నడిపించాడు.

మరదలు గుమ్మంలోనే ఉంది. బహుశా వీళ్ళు వెళ్ళినప్పటినుంచీ అక్కడే ఉండి ఉంటుంది. వీధి మలుపులో ఇద్దరి నడక చూసినప్పుడే ఆమెకి అర్థమైపోయింది. అయినా వాళ్ళు మెట్టెక్కేదాకా ఆగి అడిగింది.

"దొరకలేదా బావగారూ?"

అద్దాలాయన తమ్ముణ్ణి ఆమె చేతికి ఒప్పగించాడు.

"దొరికిందమ్మా," అన్నాడు.

"మరి?"

ఆయన మూడు గుమ్మాలు దాటి వెళ్ళి, తాళం తీసి, భోజనానికి పిలిస్తే వినపడకుండా తలుపు వేసుకున్నాడు.